బొబ్బిలి యుద్ధ స్తంభం

విజయనగరం జిల్లాలో బొబ్బిలి అనే పట్టణం ఉన్నది. బొబ్బిలి యుద్ధం గురించి మీరు బుర్రకథల్లో వినే ఉంటారు. ఆ యుద్ధం జరిగిన చోట ఒక స్మారక స్తంభం ఉన్నది. దాని కథ ఇది.

1753లో నిజాం సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కిచ్చాడు. వారి సేనాని బుస్సీ. విజయనగరం రాజైన పూసపాటి విజయరామరాజు అతనికి మిత్రుడు. బొబ్బిలికీ, విజయనగరానికీ చాలాకాలంగా పగ ఉన్నది. కోట విడిచి మరొకచోటికి పొమ్మని బొబ్బిలి రాజైన రంగారావుకు కబురు వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు.

1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు మట్టికోట మీద గుళ్లు కురిపించాయి. ఓటమి తప్పదని తెలిసినా కోటలోనివారు లొంగలేదు. రంగారావు పోరులో మరణించాడు. శత్రువుల చేత చిక్కరాదని అంతఃపుర స్త్రీలనూ, పిల్లలనూ కూడా బతకనివ్వలేదు.

కొద్ది రోజులకే విజయరామరాజు తన గుడారంలో హతుడయ్యాడు. చంపినవాడు రాజాం వీరుడు తాండ్ర పాపారాయుడని మనవారు చెప్పుకుంటారు. గెలిచిన రాజూ లేడు, ఓడిన రాజూ లేడు! పగవల్ల ఎవరికి లాభం కలిగింది?

అయితే ఆ కోటలో ఒక పసివాడు మాత్రం బతికాడు. రంగారావు కుమారుణ్ణి ఒక వృద్ధుడు రహస్యంగా కాపాడి, ఫ్రెంచివారికి అప్పగించాడు. బొబ్బిలి సంస్థానం మళ్ళీ నిలిచింది.

యుద్ధం జరిగిన 134 ఏళ్ళకు, 1891లో, బొబ్బిలి మహారాజు వెంకట శ్వేతాచలపతి రంగారావు ఈ స్తంభాన్ని కట్టించాడు. మీరు బొబ్బిలి వెళితే దాన్ని తప్పక చూడండి. వీరులతోపాటు, పసివాణ్ణి కాపాడిన ఆ ముసలాయననూ తలుచుకోండి.