ఉద్యోగమా, పనా?

ఉద్యోగం పోతుందేమోనన్న దిగులును కొలవడానికి బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త హన్స్ డి విట్టే కూర్చిన ప్రశ్నావళిలో వాక్యాలు నాలుగే. తెలుగు చేయడమెంతసేపు అనుకుంటాం. "ఉద్యోగం" అని రాస్తే మా ఊరి రైసుమిల్లు కూలీ, "నాకు ఉద్యోగమెక్కడిది బాబూ, కూలిపని గానీ!" అంటాడు. "పని పోతుందా?" అంటే ఈ పూట సంగతి అనుకుంటాడు. ఇక "అభద్రత" సరేసరి, అది పుస్తకాల మాట. అర్థంకాక "లేదు" అన్నాడంటే, దిగులు లేనివాళ్ల లెక్కలో చేరిపోతాడు.

1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన పద్ధతి ఒకటుంది. ఒకరు తెలుగు చేసినదాన్ని, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులూ పోల్చి చూస్తారు. మంచిదే, కానీ ఇద్దరూ చదువుకున్నవాళ్లే గదా! వాళ్ల మధ్య "అభద్రత" నిక్షేపంగా వెళ్లి వస్తుంది. కనుక కూలీలకే చదివి వినిపించి, ఏమర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోవాలి. అందుకు పని దిగే వేళకు మిల్లు గేటు దగ్గరికి పోవాలి.