ఓటమి నేర్పు ఆటలు

ఆటయనగా వినోదము గదా, అందు దండన యేల యని మనకు తోచును. 1985లో జపాను సంస్థయైన క్యాప్‌కామ్ ‘ఘోస్ట్స్ ఎన్ గోబ్లిన్స్’ అను వీడియో ఆటను వెలువరించినది. మొదటి దెబ్బకు వీరుని కవచము ఊడును. రెండవ దెబ్బకు ప్రాణము పోవును. తుదకు చేరినను, అదంతయు మాయయని చెప్పి ఆట మనలను మరల మొదటికే పంపును. అది నాణెము వేసి ఆడు యంత్రము. ఓటమి యనగా మరియొక నాణెము.

2011లో అదే దేశమున ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వెలువరించిన ‘డార్క్ సోల్స్’ ఇంట ఆడునది. అందు నాణెముతో పని లేదు. గడించినది మనము చచ్చినచోటనే పడియుండును. మరల చావక అచటికి చేరినచో దక్కును; లేనిచో శాశ్వతముగా పోవును. శత్రువు ఎత్తిన కత్తి ఎప్పుడు దిగునో కనిపెట్టినవారికే దారి దొరకును.

కావున ఆట యెంత కఠినమని కాక, ఓటమి మనకేమి నేర్పినదని అడుగవలెను. ఏమియు నేర్పని ఓటమి వట్టి దండనయే.