మన పేటకు మంచినీటి పైపు ఎప్పుడు వస్తుంది?

వానాకాలం మొదలైతే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లతో ఆసుపత్రికి వచ్చేవారు పెరుగుతారు. మందు ఇచ్చి పంపుతాము. వారం తిరగకముందే అదే ఇంటి నుండి మరొకరు వస్తారు. మురుగు కాలువలో మునిగిన కుళాయి పైపు మార్చేదాకా ఇది ఆగదు. మార్చవలసినది పురపాలక సంఘము లేక పంచాయతీ. వారి డబ్బు ముందుగా ఏ పేటకు వెళ్ళాలో ఎలా నిర్ణయిస్తారో తెలుసుకోవడం కూడా ఆరోగ్య విషయమేనని తలచి ఈసారి దీనిని గురించి వ్రాస్తున్నాము.

మన దగ్గరే దీనికి ఒక మంచి పద్ధతి నడిచింది. 2000 నుండి 2008 వరకు బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు సేవల పథకం (ఏ.పి.యు.ఎస్.పి.) జరిగింది. గుడివాడ, మచిలీపట్నంతో సహా 42 పట్టణాలు అందులో ఉండేవి. పేదరికం తగ్గించడానికి ప్రతి పట్టణం ముందుగా ఒక ప్రణాళిక వ్రాసుకోవాలి.

ఆ ప్రణాళికలో ఒక పట్టిక ఉండేది. నిలువుగా పేదరికం: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. అడ్డంగా నీరు, మురుగు కాలువ, రోడ్డు వంటి వసతుల కొరత, అదీ మూడు మెట్లే. మొత్తం తొమ్మిది గళ్ళు. పట్టణంలోని ప్రతి మురికివాడ (ఇది కాగితాల మాట, అక్కడివారు పేట అనో కాలనీ అనో అంటారు) ఏదో ఒక గడిలో పడుతుంది. మిక్కిలి పేదవారు ఉండి, వసతులు మిక్కిలి తక్కువగా ఉన్న గడికి మొదటి డబ్బు. పలుకుబడి ఉన్న వార్డును ముందుకు జరపడం ఇందులో అంత సులువు కాదు. అయితే జాబితాలో పేరే లేని పేట ఏ గడిలోనూ ఉండదు. కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవారికి తరచు ఈ ఇబ్బందే.

పురపాలక సంఘాల నికర నిధులలో 40 శాతం మురికివాడలకు ఖర్చు చేయాలని రాష్ట్రంలో నియమం పెట్టారు. వినడానికి బాగుంటుంది. కాని నికరము అంటే జీతాలు, కరెంటు బిల్లులు వంటివి పోగా మిగిలినది. మిగలనిచోట 40 శాతం ఎంతో మీరే ఊహించండి.

డబ్బు వచ్చినా చోటు సరిగా చూడకపోతే మరో కష్టం. బెజవాడ సింగ్‌నగర్ వైపు వాంబే కాలనీ ఉంది. 2001లో మొదలైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పేదలకు పక్కా ఇళ్ళు దొరికాయి, సంతోషమే. కాని 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ ప్రాంతమంతా రోజుల తరబడి నీటిలో ఉంది. పల్లంలో భూమి చవక అనే లెక్క ప్రణాళికలో పైకి కనబడదు.

అమెరికాలో 1974 నాటి చట్టం క్రింద నగరాలకు వచ్చే అభివృద్ధి గ్రాంటులో కనీసం 70 శాతం తక్కువ ఆదాయం గలవారికి ఉపయోగపడాలి. ఏటా కనీసం రెండుసార్లు ప్రజలను పిలిచి బహిరంగంగా వినాలి.

పామర్రులో అటువంటి చోటు గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజు సభలు జరిపారు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం త్రాగునీటికి, పారిశుద్ధ్యానికే ప్రత్యేకించారు. కాబట్టి నీటి పైపు కోసం అడగడం దయ కోరడం కాదు.

సభకు వెళ్ళేటప్పుడు కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి: ఏ వీధి, ఎన్ని ఇళ్ళు, పైపు ఎక్కడ కాలువలో మునిగింది, ఎందరికి విరేచనాలు అయినవి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకోండి. మీ వీధి నుండి ఎందరు వచ్చారో, పేర్లు లేకుండా అంకెలు మాత్రం, మా ఓ.పి. రిజిస్టరు చూసి వ్రాసి ఇస్తాము. సభకు వారం ముందు చీటీల కౌంటరులో అడగండి.