ఒక్కరే... మౌనంగా... ఓ అరగంట!

‘ఏమక్కా, ఒక్కదానివే యాడికి పోతాండావు?’

హిందూపురంలోనో, ధర్మవరంలోనో పొద్దున్నే ఒంటరిగా నడుస్తుంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో ఆప్యాయతే తప్ప తప్పేమీ లేదు. కాకపోతే ఎవరైనా ఒక్కరే నడుస్తున్నారంటే ఇంట్లో గొడవైనా జరిగి ఉండాలి, బస్సైనా తప్పిపోయి ఉండాలి అనుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి పక్కన తోడు లేకుండా, చేతిలో ఫోను లేకుండా, చెవిలో పాటలు లేకుండా నడిచే ఆ అరగంటే... రోజు మొత్తంలో మనం మనతో గడిపే సమయం!

ముగ్గురు కలిస్తే ముచ్చట్లే

పొద్దున ఏ మైదానానికి వెళ్లినా గుంపులు గుంపులుగా నడిచేవాళ్లు కనిపిస్తారు. స్థలాల ధరలు, రాజకీయాలు, పిల్లల పెళ్లి సంబంధాలు... నాలుగు రౌండ్లు పూర్తయ్యేసరికి అన్నీ చర్చకు వచ్చేస్తాయి. అలాంటి నడక కాళ్లకు మంచిదే, స్నేహానికీ మంచిదే. కానీ మనసుకు మాత్రం విశ్రాంతి దొరకదు. నిన్న రాత్రి ఏ ఆలోచనలతో పడుకున్నామో, పొద్దున మళ్లీ వాటినే తవ్వి పోసుకుంటాం.

మౌనంగా నడిస్తే ఏమవుతుందో తెలియాలంటే హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్లి చూడండి. వీరభద్రాలయం నుంచి ఏకశిలా నంది దాకా ఉన్న దూరం కొద్దిపాటిదే. కబుర్లు చెప్పుకుంటూ వెళ్తే ఫొటో తీసుకుని తిరిగొచ్చేస్తాం. మాట్లాడకుండా వెళ్తే నంది మెడలోని గంటలు, హారాలు ఒక్కొక్కటిగా కళ్లకు కనిపించడం మొదలవుతుంది. రాయి అదే, చూపే మారింది.

నడిస్తే తడుతుంది!

దీని వెనక సైన్సూ ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఓ అధ్యయనం ప్రచురించారు. కూర్చున్నప్పటికన్నా నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయని అందులో తేలింది. ఖాళీ గోడ వైపు చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం కనిపించింది. అంటే చుట్టూ అందమైన తోట లేకపోయినా ఫర్వాలేదన్నమాట.

అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో మరో విషయం చెప్పారు. చెట్లూ గడ్డీ ఉన్నచోట 90 నిమిషాలు నడిచినవారిలో, జరిగిపోయినదాన్నే తలచుకుని కుమిలిపోయే గుణం తగ్గింది. రద్దీ రోడ్డు పక్కన నడిచినవారిలో ఆ మార్పు రాలేదు.

మరి పాటలు వింటూ నడిస్తే? అదీ హాయిగానే ఉంటుంది. అయితే సంగీతానికి గుండె, శ్వాస ఎలా స్పందిస్తాయో పరిశీలించిన ఇటలీ పరిశోధకులు 2006లో ఓ చిత్రం గమనించారు. పాటల మధ్య వదిలిన రెండు నిమిషాల నిశ్శబ్దంలోనే శరీరం ఎక్కువగా సేదతీరిందట!

పెనుకొండ పాఠం

కొండ ఎక్కేటప్పుడు మాట్లాడితే ఆయాసం వస్తుంది. నోరు మూసుకుంటే ఊపిరి తనంతట తానే దారిలో పడుతుంది. పెనుకొండ కోట ఎక్కినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 1565లో రాక్షసతంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరిది. ఆ వైభవం పోయింది. గోడలూ బురుజులూ మిగిలాయి. వాటి మధ్య ఒంటరిగా నడుస్తుంటే మన అప్పులూ అలకలూ కాస్త చిన్నవిగా కనిపిస్తాయి.

మౌనానికీ, కాలినడకకూ ఈ ఊళ్లో పాత చుట్టరికమే ఉంది. ఇక్కడి పచ్చ పార్శ్వనాథుడి ఆలయం జైనులకు పుణ్యక్షేత్రం. వాహనం ఎక్కకుండా ఊరి నుంచి ఊరికి కాలినడకనే వెళ్లడం జైన మునుల నియమం. వాళ్లకు నడకా సాధనే.

మన సీమలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికీ నడకంటే ప్రాణం. 1895లో మదనపల్లెలో పుట్టిన ఆయన 1961లో రాసుకున్న నోట్‌బుక్‌లో నడుస్తూ చూసిన చెట్లు, కొండలు, ఆకాశం తరచూ కనిపిస్తాయి. మదనపల్లె దగ్గర ఆయన నెలకొల్పిన రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూసే ఆనవాయితీ ఉంది. మాట్లాడకుండా ఉండటం కూడా పిల్లలకు నేర్పాల్సిన విద్యేనన్నమాట!

మగ్గం దిగి... కట్ట మీదికి

ధర్మవరం అనగానే పట్టుచీరే గుర్తొస్తుంది. ఆ చీర వెనక గంటల తరబడి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి ఉంటాడు. కాళ్లు కదులుతూనే ఉంటాయి, కానీ ఒక్క అడుగూ ముందుకు పడదు. చెవుల్లో మగ్గం చప్పుడు, కళ్లు పోగు మీద, మనసేమో పట్టు ధర మీదా, తీర్చాల్సిన అప్పు మీదా.

అలాంటి మనిషికి సాయంత్రం చెరువుకట్ట మీద అరగంట నడక విలాసం కాదు, అవసరం. నడుము సాగుతుంది, చూపు దూరానికి పోతుంది, చప్పుడు ఆగుతుంది. నడిస్తే అప్పు తీరిపోతుందా? తీరదు. కానీ చిక్కుపడ్డ పోగును లాగితే తెగుతుంది, నిదానంగా చూస్తే కొస దొరుకుతుంది. నేతగాడికి తెలిసిన ఈ సూత్రమే మనసుకూ వర్తిస్తుంది.

ఆమెకూ ఓ అరగంట

ఒంటరిగా నడిచే మగాణ్ని ‘యాడికి’ అని అడిగి వదిలేస్తారు. ఆడమనిషిని మాత్రం ‘ఎందుకు’ అని కూడా అడుగుతారు. అందుకే చాలామంది గృహిణులకు తోడు దొరికితేనే నడక. నిద్రలేచింది మొదలు ఎవరో ఒకరి మాటకు బదులిస్తూ గడిపే ఆమెకే ఆ నిశ్శబ్దం అందరికన్నా ఎక్కువ అవసరం. ‘నువ్వెళ్లిరా, పాలు నేను కాస్తాలే’ అని ఇంట్లోవాళ్లు ఒక్కమాట అంటే చాలు. వీధిలో నాలుగు దీపాలు సరిగ్గా వెలిగినా ఆమె నడకకు సాయం చేసినట్టే.

ఒక్క జాగ్రత్త. దిగులు రోజుల తరబడి వదలకపోతే, బతుకు మీద ఆశ పోతున్నట్టు అనిపిస్తే ఒంటరి నడకతో సరిపెట్టుకోకూడదు. అయినవాళ్లతో మాట్లాడాలి, డాక్టర్ని కలవాలి. మౌనం మందే కానీ, అన్ని రోగాలకూ కాదు.

ఇలా మొదలుపెట్టండి

* మొదటి వారం 10 నిమిషాలు చాలు. తర్వాత అరగంటకు పెంచండి. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే లెక్క సరి!

* మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి... అదీ సరైన వేగం.

* ఫోను జేబులోనే, శబ్దం రాకుండా ఉంచండి. అడుగుల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

* ఒంటరి నడకంటే నిర్మానుష్యమైన చోటు వెతుక్కోవడం కాదు. నలుగురు తిరిగే దారే మేలు. కొండ మీదికైతే తెల్లవారాకే వెళ్లండి, ఇంట్లో చెప్పి వెళ్లండి.

* మన సీమ ఎండలు తెలిసినవే. వేసవిలో ఎండ ముదరకముందే ముగించండి.

రేపు పొద్దున ఎవరైనా ‘ఒక్కరే యాడికి?’ అని అడిగితే కంగారుపడకండి. ‘ఊరికే... నడుస్తాండా’ అని నవ్వేసి ముందుకు సాగిపొండి!