పాత అంబాసిడరు: తొలి పని ఎక్కడ?

ఇంటనున్న పాత అంబాసిడరును బాగుచేయింపబూనినవారు ముందుగా రంగును గూర్చి ఆలోచింతురు. మేమును అట్లే చేసితిమి. రంగు వేయించిన మూడు నెలలకు వానలు వచ్చినవి; కాలిక్రింది పట్టా ఎత్తి చూడగా నేలరేకు త్రుప్పుపట్టి, వ్రేలు ఆనింపగనే చిల్లిపడినది.

మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఈ బండికి లారీకివలె వేరు చట్రము లేదు. నేలరేకు, తలుపులక్రింది దూలములు, పైకప్పు కలిసియే దాని బలము. త్రుప్పుపై లప్పము పూయించినచో కన్నులకు ఇంపుగానే యుండును, కాని బలము రాదు. టింకరుచే చెడిన రేకు కోయించి, క్రొత్తది వెల్డు చేయింపవలెను. తలుపుల అడుగున నీరు జారు రంధ్రములు పూడకుండ చూడవలెను.

పిదప బ్రేకులు. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొనును. కదలక నిలిచిన బండిలో సిలిండరు లోపల త్రుప్పు పుట్టి పిస్టను బిగిసిపోవుట అందువలననే. రెండేండ్లకొకమారు నూనె మార్పించుట మేలు. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది; పాత రబ్బరు గొట్టములు దానికి ఓర్వలేక పగులును. కారిన పెట్రోలు వేడి ఇంజనుపై పడుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

1489 ఘనసెంటీమీటర్ల ఇంజను సంగతి అంత చింతింపదగినది కాదు. దానిని విప్పి బిగింపగల ముసలి మేస్త్రీలు ఇంకను కలరు.

మా బండి రంగు మరల మాసినది. క్రిందటి వానలలో మాత్రము నేల తడియలేదు.