వద్దని చెప్పగలిగే ధైర్యం

మణుగూరు బొగ్గు గనుల్లో కొత్త కార్మికుణ్ని శిక్షణ లేకుండా పనిలో దించరు. గని కార్మికుల శిక్షణకు 1966 నుంచే దేశమంతటా నిబంధనలున్నాయి. అక్కణ్నుంచి గోదావరి వెంట భద్రాచలం, పర్ణశాల, పాపికొండల దాకా యాత్రికుల్ని చూసుకునే లాడ్జి కుర్రాడికీ, ఆటో డ్రైవరుకూ, బోటు సిబ్బందికీ మాత్రం తరచుగా అందే పాఠం ఒక్కటే: "నవ్వుతూ మాట్లాడు."

ఆ నవ్వు కూడా కష్టమే. అమెరికా సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది గురించి రాస్తూ, మనసులో ఒకటి, ముఖంలో ఒకటి ఉంచుకోవడం మనిషిని లోలోపల అరగదీస్తుందని చూపించారు. శ్రీరామనవమికి భద్రాచలంలో గదులు నిండిపోతాయి. పిల్లాపాపలతో వచ్చి గది దొరకనివాళ్ల కోపమంతా కౌంటరు దగ్గరి కుర్రాడి మీదే. ఇవ్వడానికి గది లేదు, రేటు తగ్గించే అధికారమూ లేదు. అతను తడబడితే పిరికివాడనడం అన్యాయం.

మరి ఆత్మవిశ్వాసం ఎలా వస్తుంది? స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే దానికి అన్నిటికన్నా గట్టి పునాది అని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించారు. తనలాంటివాళ్లు నెగ్గడం చూడటం, అయినవాళ్ల ప్రోత్సాహం, గుండెదడ అదుపులో ఉండటం కూడా తోడ్పడతాయి. అంటే ఉపన్యాసాలు చాలవు. ఒకరు గొడవపడే యాత్రికుడిగా, మరొకరు సిబ్బందిగా నిలబడి పదేపదే సాధన చేయాలి. సీజన్ మొదలయ్యేముందు రెండు పూటలు కేటాయించినా ఎంతో తేడా కనిపిస్తుంది.

బోటు సిబ్బందికి అన్నిటికన్నా కష్టమైన మాట "ఇవాళ వద్దు". 2019 సెప్టెంబర్ 15న వరద గోదావరిలో పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఒడ్డునున్న గిరిజనులు పడవలేసుకెళ్లి కొందరిని కాపాడారు. ఆ దుర్ఘటన తర్వాత చాలాకాలం బోట్లు ఆగాయి. అలాంటివి కళ్లారా చూసినవాళ్ల మనసుకూ వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఉచితం. అది ప్రతి రేవులోనూ, ప్రతి లాడ్జిలోనూ కనిపించేలా రాసి ఉండాలి.

యాత్రికులు బతిమాలుతుంటే, యజమాని తొందరపెడుతుంటే, "వద్దు" అనడానికి సరంగు ఒక్కడి గుండె నిబ్బరాన్ని నమ్ముకోవడం తప్పు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. బోటు కదలాలా వద్దా అన్నదానికీ అంత స్పష్టమైన గీత రేవులో కనిపించాలి. ఆ గీత చూపించి బోటు ఆపిన రోజున సిబ్బందికి కూలి కూడా ముట్టాలి.