పాత సైనిక లారీ – ఎడమకాలి భారము

లారీల ముచ్చట మగవారిదనియు, మన పత్రికలో దానికి తావేమనియు మీలో కొందఱనుకొనవచ్చును. మేమును మొన్నటివఱకు నట్లే తలచితిమి. కాని యొక లారీ మా పుట్టినింటి ముంగిట నిలిచి మా వదినెగారిచే కంట నీరు పెట్టించినప్పుడు, దాని గుణదోషములు తెలిసికొనక మాకు తప్పినది కాదు. ఇది స్త్రీలకు తగని విద్యయనుటయు సరికాదు. పిమ్మట ఇంగ్లండు రాణియైన ఎలిజబెత్తు, రాకుమారిగా నున్నప్పుడు 1945లో స్త్రీల సేనావిభాగమున జేరి, బండి నడుపుటయు, దాని మరమ్మతును నేర్చినది.

మా యన్నగారు సైన్యమున చాలయేండ్లు లారీ నడిపినవారు. పింఛను పుచ్చుకొని యెల్లారెడ్డికి వచ్చి సేద్యము చేసికొనుచున్నారు. తాము నడిపిన జాతి బండిమీది మమకారముచే, సైన్యము వదలివేసిన పాత శక్తిమాన్ లారీనొకదానిని కొనిరి. ఈ శక్తిమానులు జర్మనీదేశపు మాన్ కంపెనీవారి నమూనా ననుసరించి 1959 మొదలు జబల్పూరులో తయారైనవి. 1996తో వాని తయారీ ముగిసినది. కనుక నెంత చిన్నదైనను నా బండి వయస్సు మన పిల్లల వయస్సును మించినదే.

అన్నగారి యెడమ మోకాలు అరిగినది. బండియా, పాతది, దాని క్లచ్చు పెడలును త్రొక్కుట బండరాతిని త్రొక్కినట్లుండునట. క్రిందటి కోతలనాడు వడ్లు వేసికొని కామారెడ్డి వచ్చుచుండగా, మిట్టమీద బండ్ల వరుసలో గంటసేపు నిలుచుచు కదలుచు రావలసి వచ్చినది. మోకాలు పట్టు తప్పి కాలు జారెను. లారీ యొక్క యుదుటున ముందునకు దూకి, కూరగాయల గంప ముందిడుకొని కూర్చున్న యొక ముసలమ్మకు మూరెడు దూరమున నాగెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని యా రాత్రి వదినెగారు, "బండినైనను అమ్ముడు, నన్నైనను పుట్టింటికి బంపుడు" అని పట్టుపట్టిరి. అన్నగారు, "బండి నమ్మను. క్లచ్చే లేకుండ జేసెదను; తనంత తానే గేర్లు మార్చుకొను పెట్టెను పెట్టించెదను" అనిరి. ఇద్దఱును తీర్పునకు మా యింటికి వచ్చిరి. మావారు బడిపంతుళ్లు, తెలియని దానికి తీర్పు చెప్పరు. అందుచే మేమందఱము కామారెడ్డిలోనే యొక మేస్త్రీ కార్ఖానాకు బోయి కూర్చుంటిమి. అచ్చట వినినదియు, పిదప చదివి తెలిసికొన్నదియు మీకు విన్నవించుచున్నాము.

ఇంజను ఎప్పుడును తిరుగుచునే యుండవలయును, నిలిచినచో చచ్చును. చక్రములో, నిలువవలసినప్పుడు నిలువవలయును. ఈ రెంటికి నడుమ నున్న మధ్యవర్తియే క్లచ్చు. ఇంజనుతో తిరుగు బరువైన చక్రమునకు మఱియొక పళ్లెరమును బలమైన స్ప్రింగులు అదిమి పట్టియుండును. ఎడమకాలితో పెడలు త్రొక్కినప్పుడు ఆ పట్టు సడలును. అప్పుడు చేతితో గేరు మార్చి, కాలిని మెల్లమెల్లగా విడువవలయును. విడుచుటలో తొందర పడినచో బండి యెగిరిపడును. అన్నగారి కాలు జారగా జరిగినదిదియే.

తనంత తాను మార్చుకొను గేరుపెట్టెలో నీ పళ్లెరముల స్థానమున నూనె పనిచేయును. మజ్జిగ చిలుకునప్పుడు కవ్వముతోపాటు కుండలోని మజ్జిగయు సుడులు తిరుగుట మన మెఱుగుదుము. ఆ సుడిలో ఱెక్కల చక్రమొకటి యుంచినచో నదియు తిరుగును గదా! ఇంజను ద్రిప్పు ఱెక్కలు కవ్వము వంటివి. వాని కెదురుగా గేరుపెట్టెవైపు ఱెక్కలుండును. నడుమ నున్నది నూనె. ఇంజను నెమ్మదిగా నున్నప్పుడు సుడికి బలము చాలక, బ్రేకు త్రొక్కియుండగా బండి నిలిచియుండును. వేగము హెచ్చినకొలది సుడి బలమై బండిని లాగును. జర్మనీ పండితుడు హెర్మన్ ఫ్యోటింగరు 1905లో నీ యుపాయమునకు పేటెంటు పొందెను. లోపలి గేర్లను మార్చు పని, బండి వేగమును, కుడికాలి యొత్తిడిని బట్టి, నూనె పీడనమే చేయును. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలినప్పుడు అశ్వహృదయ మెఱిగి తోలెనని భారతమున వింటిమి. ఇచ్చట ఆ యెఱుక సారథి చేతినుండి పెట్టెలోనికి బోయినది, అంతియే భేదము.

ఇది సేనలకు క్రొత్తయు గాదు. 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో హైడ్రామాటిక్ అను పేర వెలసిన యీ పెట్టెను రెండవ ప్రపంచయుద్ధములోనే అమెరికావారి ఎం-5 తేలికపాటి ట్యాంకులలో నమర్చిరి. యుద్ధానంతరము జనరల్ మోటార్సువారు తమ ఎం-135, ఎం-211 సేనాశకటములకును దీనినే పెట్టిరి. కాని చేతితో గేరు మార్చు ఎం-35 అను రెండున్నర టన్నుల లారీయే అమెరికా సేనలో దశాబ్దముల తరబడి నిలిచినది. తుదకు 1990 తరువాతి సంవత్సరములలో నా పాత లారీలనే విప్పి, దిద్ది, ఎం-35ఏ3 అను పేర మరల కొలువునకు దెచ్చిరి. అయిదు గేర్ల చేతిపెట్టెను దీసి, ఆలిసన్ కంపెనీవారి నాలుగు గేర్ల స్వయంచాలక పెట్టె నమర్చిరి.

ఇంతవఱకు విని అన్నగారు మీసము దువ్విరి. "చూచితివా! అమెరికావారు చేయగా లేనిది మనము చేయరాదా?" అనిరి. మేస్త్రీ నవ్వి, "అయ్యా, వారు పెట్టె నొక్కదానినే మార్చలేదు. ఇంజనునుగూడ మార్చి క్యాటర్‌పిల్లరు ఇంజను పెట్టిరి. ఎందుకో వినుడు" అని వ్రేళ్లమీద లెక్క చెప్పెను.

మొదటిది: ఇంజను బలమునకును, వేగమునకును తగిన పెట్టె కావలయును, తగనిచో నూనె కాగి పెట్టె చెడును. రెండవది: ఇంజనునకు పెట్టెను గూర్చు మూత, నడిమి చక్రము క్రొత్తగా చేయింపవలయును. మూడవది: పెట్టె పొడవు మాఱినచో వెనుకకు బోవు కడ్డీ పొడవును మార్చవలయును, ముందు చక్రములకు బలము పంచు రెండవ పెట్టెయు వరుస తప్పరాదు. నాలుగవది: నూనె చల్లారుటకు రేడియేటరువద్ద వేఱొక యేర్పాటు కావలయును. అయిదవది: పల్లమున దిగునప్పుడు క్రింది గేరు వేసి ఇంజనుచే బండిని పట్టి నిలుపు నలవాటు మునుపటివలె సాగదు, బ్రేకులు మిక్కిలి బాగుండవలయును. ఆఱవది: బ్యాటరీ చచ్చినప్పుడు పదిమంది నెట్టి నడిపించు నుపాయ మిక చెల్లదు.

మావారు ఏడవది చెప్పిరి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భేదము కలుగునట్లు బండిని మన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. శరీరలోపము గలవారికొఱకు బండిని తగినట్లు మార్చుకొనుటకు చట్టములో దారి కలదు. కాని యదియు నధికారుల ననుసరించియే.

అప్పుడు మా వదినెగారు, అంతవఱకు మాటాడనివారు, మేస్త్రీని రెండు ప్రశ్న లడిగిరి. "నాయనా, క్లచ్చు పోయిన తరువాత నెడమకాలికి పనియుండదు గదా, మఱి కుడికాలికి?" "బ్రేకు, యాక్సిలరేటరు రెండును దానివే నమ్మా." "ఆ కుడి మోకాలు నెన్నాళ్లు నిలుచును?" దానికి మేస్త్రీయు, అన్నగారును, మావారును గూడ బదులు చెప్పలేదు.

కోడలు క్రొత్తగా వచ్చినప్పుడు ఇంటిలో నొక్కరే మాఱిన చాలదు. అత్త, మామ, మఱదలు, వంటయింటి వేళలు, అన్నియు కొంత కొంత సర్దుకొనవలయును. బండియు నట్టిదే. ఎడమకాలికి విశ్రాంతి నిచ్చుటకు ఇంజను మొదలు బ్రేకువఱకు నన్నియు నొప్పుకొనవలయును. అమెరికా సేనకు కార్ఖానాలును, ధనమును గలవు. వేలకొలది లారీలకొక్క నమూనా చాలును. ఎల్లారెడ్డి రైతు తన యొక్క లారీకి ఆ కర్చంతయు నొంటిగా మోయవలయును.

ఇప్పటి యేర్పాటు చెప్పి ముగించెదము. బ్రేకులకై గాలితొట్టి గల బండ్లలో, ఆ గాలినే క్లచ్చునకు సాయముగా గొనివచ్చి పెడలును తేలిక పఱచు పద్ధతి కలదట. అది తమ బండికి కుదురునో లేదో మేస్త్రీ చూచుచున్నాడు. అంతవఱకు పొరుగింటి పిల్లవాడు, లైసెన్సు గలవాడు, బండి నడుపుచున్నాడు. అన్నగారు ప్రక్కన గూర్చుండి దారి పొడుగునను వానికి పాఠము చెప్పుచున్నారు. మొదటి దినమున ముఖము చిన్నబుచ్చుకొనిరి గాని, ఇప్పుడు శిష్యుడు మిట్టమీద బండిని వెనుకకు జాఱనీయక కదలించినప్పుడెల్ల యింటికి వచ్చి గొప్పగా చెప్పుకొనుచున్నారు.

సోదరీమణులారా! మన యిండ్లలో పెద్దవారి కాలో, కన్నో, చేయో పట్టు తప్పినప్పుడు, "ఇక నీకు చేతగాదు" అనుట సులభము. ఆ మాట వారి మనస్సును నొప్పించును. పనిముట్టును వారికి తగినట్లు మార్చుటకు దారి యేదైన గలదాయని ముందు విచారింపుడు. విచారించునప్పుడు మాత్రము మా వదినెగారివలె రెండవ మోకాటిని గూర్చియు నడుగ మఱవకుడు.